ఫ్రైడ్ రైస్ కాగితంలో ఏడో వరుస

పోయిన నెలలో మా పాత క్యాంటీన్ మేనేజరు ప్రభాకర్ గారు ఫోన్ చేశారు. నేను రిటైరై ఏడాదిన్నర అయింది. "శ్రీనివాసులు గారూ, థాయిలాండ్ వాళ్లు మళ్లీ వస్తున్నారు. మీరు చేసే ఆ ఫ్రైడ్ రైస్ ఎలాగో ఒక కాగితం మీద రాసి పంపండి. పనిలో పనిగా కొత్తగా చేరేవాళ్లకు పనికొచ్చే మీ అనుభవాలు కూడా రాయండి" అన్నారు. దానికేం భాగ్యం అన్నాను. ముప్పై ఆరేళ్లు గరిటె పట్టినవాడికి ఒక కాగితం రాయడం ఎంతసేపు అనుకున్నాను.

కూర్చున్నాక తెలిసింది. కాగితం ఆరో వరుస దాకా చకచకా నడిచింది. ఏడో వరుస దగ్గర పెన్ను ఆగిపోయింది. ఆ రోజు కాదు, మర్నాడూ కాదు, మూడు రోజులు అక్కడే ఆగింది. నేను వంద సార్లయినా వండిన వంటలో ఆ ఒక్క చోట ఏం చేయాలో నాకు తెలియదు.

ఎందుకు తెలియదో చెప్పాలంటే మొదటి నుంచీ చెప్పాలి. క్యాంటీన్ వంటకు కొత్తగా వచ్చే పిల్లలూ, ఇది మీ కోసమే. అనుభవం పండినవాడి తీర్పులు దొరుకుతాయని మాత్రం ఆశపడకండి. నా దగ్గర తేలిన విషయాలు తక్కువ, తికమక ఎక్కువ.

మేస్త్రి ముక్కు

నేను వంట నేర్చుకున్నది చిత్తూరులో, మునుస్వామి మేస్త్రి దగ్గర. మాది అంగడి పెట్టుకుని బతికే కుటుంబం. పప్పు అమ్మాల్సినవాడు పప్పు వండడానికి పోతున్నాడని మా నాయన నాతో ఆరు నెలలు మాట్లాడలేదు. అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు.

మేస్త్రి పెళ్లిళ్లకు వండేవాడు, మామూలు రోజుల్లో ఒక మెస్సు నడిపేవాడు. రెండు చోట్లా ఒకటే నియమం. వండేవాడు రుచి చూడకూడదు. దేవుడికి నైవేద్యం పెట్టకముందు నాలుకకు తగిలితే అది ఎంగిలి. చాలా ఇళ్లలో ఈ పద్ధతి ఉంది, మా ఇంట్లోనూ ఉంది. మేస్త్రి దాన్ని మెస్సులోకి కూడా తెచ్చాడు. ఉప్పు చేతి కొలత, మిగిలినదంతా ముక్కు. అండా మూత తీసి, ఆవిరిలో ముఖం పెట్టి, ఒక్కసారి పీల్చి, "పులుపు సాల్లేదు, ఇంగొక పిడికిడు చింతపండు" అనేవాడు. ఆ మాట తప్పగా నేను చూడలేదు.

ఒక పెళ్లిలో రసం కలుపుతుంటే నా వేలికి చుక్క అంటింది. ఆలోచించకుండా నాకేశాను. మేస్త్రి చూశాడు. అందరి ముందూ అండా మొత్తం పారబోయించాడు.

"నువ్వు నాకిన చేత్తో కలబెట్టిన రసం ఎవురు తాగల్ల?" అన్నాడు.

"చుక్కే కదన్నా" అన్నాను.

"సుక్కయినా కుండయినా ఎంగిలి ఎంగిలే. నీకు రుచి కావల్లంటే పోయి పంక్తిలో కూసో. ఈడ ముక్కుతో పనిజెయ్."

మళ్లీ రసం కాగేసరికి మగపెళ్లివారు మజ్జిగ దాకా వచ్చేశారు. ఆ అవమానం తర్వాత నేను వంటింట్లో వేలు నోటి దగ్గరికి తీసుకుపోలేదు. రెండేళ్లలో నా ముక్కు కూడా పదునెక్కింది. పెసరపప్పు మాడబోతోందని పక్క గదిలోంచి చెప్పేవాణ్ని. మేస్త్రి గొప్ప వంటవాడు, అందులో అనుమానం లేదు. కిందివాళ్లను నలుగురిలో చిన్నబుచ్చడం ఆయనకు సరదా, అందులోనూ అనుమానం లేదు. ఈ రెండింటిలో నేను ఏది ఎక్కువ నేర్చుకున్నానన్నదే ఇప్పటికీ నాకు అంతుచిక్కదు.

ఉప్పు రెండుసార్లు పడిన రోజు

తర్వాత తిరుపతిలో రెండు హోటళ్లు మారి, చివరికి సూళ్లూరుపేట వైపు ఒక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో హెడ్ కుక్కుగా చేరాను. కార్లకు వైర్లు అల్లే ఫ్యాక్టరీ. మధ్యాహ్నం నాలుగు వందల మంది తింటారు. గుడ్డు పొయ్యి వేరు, నా పొయ్యి వేరు. నేను గుడ్డు గానీ చేప గానీ నోట పెట్టను, కానీ ఎవరైనా వండుతుంటే పక్కన నిలబడి చెప్పేవాణ్ని. అందరూ నన్ను మాస్టర్ అనేవారు.

అక్కడ కూరగాయలు తరిగే పనికి సరళ చేరింది. పక్క పల్లెలో ఉండేది, పదో తరగతి చదివింది, భర్త లేడు, ఒక కూతురు. ఆదివారం చర్చికి పోవాలని సెలవు ముందే అడిగి పెట్టుకునేది. చెయ్యి ఎంత చురుకో మాట అంత నిదానం. ఆమెకున్న అలవాటల్లా ఒకటే, తరిగేది పచ్చిదయినా వండిందయినా నోట్లో వేసుకుని చూసేది.

ఒక వారం నాకు జలుబు చేసింది. ముక్కు పూర్తిగా దిబ్బడ, తలంతా దిమ్ము. ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా అలవాటు కొద్దీ వండుకుపోయాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక సరళ నా దగ్గరికి వచ్చింది.

"మాస్టర్, పొద్దన్నించీ సెప్దామనే ఉండా. సాంబారులో ఉప్పు రెండుసార్లు పడ్డాది" అంది.

"నీకెట్ల తెలిసె?"

"తిని సూసినా."

"ఎప్పుడు?"

"వడ్డించకముందే."

వెళ్లి చెత్త డబ్బాలు చూశాను. సాంబారు కలిపిన అన్నం గుట్టలుగా పడి ఉంది. నాలుగు వందల మందిలో ఒక్కరూ నాతో ఒక్క మాట అనలేదు. ఇది మాత్రం తేలిన విషయమే, రాసి పెట్టుకోండి. క్యాంటీన్‌లో తినేవాళ్లు నోరు విప్పరు, అన్నం పారేసి పోతారు. రోజూ వడ్డన అయ్యాక ఆ డబ్బాలోకి తొంగి చూడని వంటవాడు ఎన్నేళ్లు చేసినా ఏమీ నేర్చుకోడు.

అయితే ఆ రోజు నాకు కోపం వచ్చింది ఉప్పు మీద కాదు. వడ్డించకముందే అండాలో చెంచా పెట్టినందుకు సరళ మీద వచ్చింది. మేస్త్రి గొంతే నా నోట్లోంచి వచ్చింది. మర్నాటి నుంచి ఆమె తరిగే బల్లను పొయ్యిల గదిలోంచి తీయించి, వెనక తలుపు దగ్గర గిన్నెలు తోమే తొట్టి పక్కన వేయించాను. ఎంగిలి చేస్తుందని అందరికీ చెప్పాను. నిజంగా అందుకే వేయించానా, ఇంకేదైనా ఉందా అని అప్పుడు నన్ను నేను అడుక్కోలేదు. ఇప్పుడు అడుక్కుంటే జవాబు నాకే నచ్చడం లేదు. అదే పని నా వాళ్లలో ఒక ఆడమనిషి చేసి ఉంటే బల్ల అంత దూరం పోయేదా?

అతిథికి సద్దన్నమా

నాలుగైదేళ్లకు ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు దిగాయి. వాటిని బిగించి నడిపి చూపడానికి థాయిలాండ్ నుంచి ఒకావిడ వచ్చింది. పేరు నోయ్. నలభై దాటిన సన్నటి మనిషి, మాట నెమ్మది, మూడు నెలలు ఉండాలి. వచ్చిన రెండో వారానికే ముఖం పీక్కుపోయింది. మా సాంబారు, మా పప్పు రెండు మెతుకులు కలిపి పక్కన పెట్టేసేది. అరటిపండ్లు, బిస్కెట్లతో నెట్టుకొస్తోంది. ఒక రోజు యంత్రం దగ్గరే కళ్లు తిరిగి కూలబడింది.

ప్రభాకర్ గారు నా దగ్గరికి పరుగున వచ్చారు. ఆవిడ తిరిగి వెళ్లిపోతానంటోంది, వెళ్లిపోతే యంత్రాలు బిగింపు మధ్యలో ఆగిపోతాయి. "ఆవిడకు వాళ్లింటి ఫ్రైడ్ రైస్ తినాలని ఉందట. ఏం చేస్తారో నాకు తెలియదు, ఆవిడ తినాలి" అన్నారు.

నోయ్ వంటింట్లోకి వచ్చి ఫోన్‌లో వాళ్ల అక్క వండుతున్న వీడియో చూపించింది. వెల్లుల్లి, గుడ్డు, అన్నం, ఏదో నల్లటి పులుసు, చిటికెడు చక్కెర, ఉల్లికాడలు, ఒక రకం తులసి ఆకు. పక్కన కీరా ముక్కలు, నిమ్మచెక్క. రెండు నిమిషాల పని. ఓస్ ఇంతేనా అనుకున్నాను. ఆవిడ ఇంగ్లీషులో మేనేజరుకు ఏదో చెబితే ఆయన నాకు చెప్పారు. "అన్నం నిన్నటిది కావాలట."

ఈ మాట నా చెవికెక్కింది, బుర్రకు ఎక్కలేదు. సద్దన్నం మేము ఇంట్లో తింటాం, మజ్జిగ పోసుకుని తింటాం. కానీ ఇంటికి వచ్చిన మనిషికి, అందులోనూ అంత దూరం నుంచి వచ్చిన ఆడమనిషికి, నిన్నటి అన్నం పళ్లెంలో పెట్టడమా? మర్యాదకు అలా అని ఉంటుంది, మిగిలింది చాలు అని మొహమాటపడుతోంది అనుకున్నాను. మా వైపు అతిథులు అలాగే అంటారు మరి. తీరా పెడితే అన్నీ తింటారు.

అందుకని అప్పుడే దించిన, పొగలు కక్కే సోనా మసూరి అన్నం బాణలిలో పోయించాను. గరిటె రెండు తిప్పులు తిప్పేసరికి సంగటి అయి కూర్చుంది. ఆవిడ చూసి, నవ్వి, రెండు చెంచాలు తిన్నది. మర్నాడు తప్పు నూనెలో ఉందనుకుని నెయ్యి వేయించాను. ఆ తర్వాతి రోజు జీడిపప్పు, కరివేపాకు తిరగవాత పెట్టించాను. ఎంత గౌరవం పెంచితే ఆవిడ అంత తక్కువ తిన్నది. నాకు మతి పోయింది. మూడో రోజు ఆవిడ పళ్లెం ముందు కూర్చుని, తినలేక, నన్ను నొప్పించలేక, కళ్లలో నీళ్లు పెట్టుకుంది.

ఆ పళ్లెం కడగడానికి పోయినప్పుడు వెనక తలుపు దగ్గర సరళ చూసింది.

"మాస్టర్, ఒక మాట సెప్తే కోప్పడరు గదా?"

"సెప్పు."

"వేడన్నం వేయిస్తే ఇట్లనే ఉంటాది. మా ఇంట్లో దినామూ సద్దన్నమే గదా, ఎర్రగడ్డ, పచ్చిమిరపకాయ ఏసి మా పాపకు వేయించి పెడతా. రాత్రిదయితే మెతుకు మెతుకు ఇడిపోతాది. ఆయమ్మ అడిగిందీ అదేనేమో."

"అతిథికి సద్దన్నం పెడతారా ఎవురన్నా?"

"ఆయమ్మకు మర్యాద కాదు మాస్టర్ కావల్సింది. ఆకలేస్తా ఉండాది."

పెట్టడానికి నాకు సిగ్గనిపించిన అన్నమే ఆమె ఇంట్లో రోజూ పొద్దుటి తిండి. ఆ రోజు సాయంత్రమే అన్నం కాస్త బిరుసుగా వండించి, వెడల్పాటి ట్రేలలో పలచగా పరిచి, ఆవిరి పోగానే ఫ్రిజ్‌లో పెట్టించాను. ఆరనివ్వకుండా గిన్నెలో ముద్దగా వదిలేస్తే పాడవుతుంది, కడుపు చెడుతుంది. అది కూడా గుర్తుపెట్టుకోండి.

వెనక తలుపు దగ్గర

మర్నాడు అన్నం బాణలిలో విడివిడిగా గెంతింది. చూడముచ్చటగా ఉంది. అప్పుడు నోయ్ తనతో తెచ్చుకున్న ఆ నల్లటి పులుసు సీసా ఇచ్చింది. చేపలను ఉప్పులో ఊరబెట్టి తీసిన సాసు. మూత తీశాను, అంతే. నా ముక్కు ఇది కుళ్లింది పారబోయ్ అని చెప్పేసింది. బాణలిలో వేశాక కూడా అదే చెప్పింది. ఎక్కువయిందా తక్కువయిందా ఏమీ చెప్పలేదు. ఉప్పు సాసులోనే ఉంది, నా చేతి కొలతా పనికిరాలేదు. పాతికేళ్లకు పైగా నన్ను నడిపించిన ముక్కు ఆ రోజు నన్ను నడివంటలో వదిలేసింది. నాలుకతో చూద్దామంటే మేస్త్రి మాట ఒకటి, చేప ఒకటి అడ్డం.

గుడ్డు పొయ్యి దగ్గరి కుర్రాళ్లను అడిగితే బాగుంది మాస్టర్ అన్నారు. వాళ్లు నేనేం వండినా బాగుంది మాస్టర్ అంటారు. అప్పుడు ఒక చిన్న ప్లేటులో రెండు చెంచాల అన్నం వేసుకుని వెనక తలుపు దగ్గరికి పోయాను. అటూ ఇటూ చూసి, ఆ ప్లేటు సరళ బల్ల మీద పెట్టాను. తిను అని కూడా అనలేదు. ఆమెకు అర్థమైంది. తిన్నది, కళ్లు మూసుకుంది.

"ఉప్పు సాలు. చక్కెర ఇంగ రవ్వంత. పులుపు లేదు మాస్టర్, నిమ్మకాయ పైన పిండేది కాదు, దించినాక లోపలే కలపల్ల."

ఆమె చెప్పినట్టే చేశాను. నోయ్ పళ్లెం ఖాళీ చేసింది. కీరా ముక్కలు కూడా మిగల్చలేదు. తర్వాత లేచి నేరుగా వంటింట్లోకి వచ్చి, రెండు చేతులూ ముఖం దాకా ఎత్తి నాకు నమస్కారం పెట్టింది. నా వీపు వెనక, ఆ తలుపు దగ్గర సరళ ఉల్లికాడలు తరుగుతోంది. నేను పక్కకు జరిగి ఆమెను చూపిస్తే సరిపోయేది. జరగలేదు. నమస్కారం తీసుకున్నాను.

ఆ మూడు నెలలూ అదే నడిచింది. నేను చిన్న ప్లేటు తీసుకుపోవడం, ఆమె రుచి చూసి చెప్పడం, నేను వచ్చి కలపడం. ఎవరైనా చూస్తే మిగిలింది పెడుతున్నానని అనుకునేవారు. ఎంగిలి చేస్తుందని బయటికి పంపిన మనిషి నాలుక మీదే నా వంట నిలబడిందని నాకు తెలుసు, ఆమెకు తెలుసు. ఒక్కసారి కూడా మేమిద్దరం ఆ మాట అనుకోలేదు.

నోయ్ వెళ్లే రోజు చిన్న సభ పెట్టారు. ప్రభాకర్ గారు మైకులో నన్ను ఆకాశానికెత్తి శాలువా కప్పారు. జరీ అంచు శాలువా. వెనక వరసలో నిలబడి సరళ కూడా చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లలో ఎగతాళి ఉందేమోనని నేను చాలాసేపు ఆమె ముఖంలోకి చూశాను. ఏమీ కనపడలేదు. ఉన్నా బాగుండేది.

నేను చెప్పని పేరు

ఇది అన్నింటికంటే రాయడానికి కష్టమైన ముక్క.

రిటైరయ్యే ముందు ప్రభాకర్ గారు పిలిచి అడిగారు. "మీ తర్వాత హెడ్ కుక్కుగా ఎవరిని పెట్టమంటారు? మీరు ఎవరి పేరు చెబితే వాళ్లే." సరళ అప్పటికి పదకొండేళ్లుగా పనిచేస్తోంది. నేను లేని రోజుల్లో వంట మొత్తం ఆమె చేతి మీదే నడిచేది. ఆమె పేరు నా నాలుక చివర దాకా వచ్చింది. నేనన్నది మాత్రం, "బయటినుంచి డిప్లొమా చదివినవాణ్ని తీసుకోండి సార్" అని.

ఎందుకన్నానో ఎన్నిసార్లు ఆలోచించినా చిక్కు విడదు. ఆమె పేరు చెబితే, ఎందుకు అని అడుగుతారు. అడిగితే చిన్న ప్లేటు సంగతి చెప్పాలి. చెబితే శాలువా ఎవరిదో తేలిపోతుంది. అంతేనా? ఒక ఆడమనిషి చేతికింద గుడ్డు పొయ్యి కుర్రాళ్లు పనిచేస్తారా అనుకున్నానా? మేస్త్రి ఉంటే ఏమంటాడో అని భయపడ్డానా? ఆయన పోయి అప్పటికే పదేళ్లు. నాకు తెలియదు. మీరెవరైనా పెద్ద కుర్చీలో కూర్చున్నాక ఇలాంటి ప్రశ్న వస్తే, ముందు నోరు తెరిచి ఆ పేరు చెప్పేయండి, ఆలోచన తర్వాత పెట్టుకోవచ్చు.

డిప్లొమా కుర్రాడు ఏడాది చేసి బెంగళూరు పోయాడు. పోయిన నెలలో ప్రభాకర్ గారు ఫోన్ చేసినప్పుడు ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. తర్వాతి నెలలో మళ్లీ ఇంకొకరిని బయటినుంచి తీసుకుంటామన్నారు. సరళ బల్ల తొట్టి పక్కనే ఉందట.

ఇంట్లో, ఇద్దరికి

కాగితం ముందుకు కదలకపోయేసరికి ఇంట్లో ఒకసారి వండి చూద్దామనుకున్నాను. మేముండేది తిరుపతిలో, అద్దెకు ఒక చిన్న ఇల్లు. నా భార్య సుగుణకు ఆమె వంటింట్లో నేను అడుగుపెట్టడమే వింత.

"నాలుగు వందల మందికి వండినోరు, ఈ పొద్దు ఇద్దరికి వండి పెడతారా?" అంది.

"రాత్రి అన్నం మిగిలిందా?"

"సద్దన్నం వేయించి నాకు పెడతారా? ఇన్నేళ్లకు నా మర్యాద అదా?"

మా ఇంట్లో గుడ్డు లేదు, చేపల సాసు సంగతి ఎత్తితే నన్ను బయటికి నెడుతుంది. వాటి బదులు సోయా సాసు, కాసిని బీన్స్, ఒక టమాటా పెట్టుకున్నాను. వీడియోలో ఒక రకం తులసి వేశారు. మా పెరటి తులసిని తుంచి నూనెలో వేస్తే సుగుణ నాతో మాట్లాడదు. సబ్జా గింజల మొక్క వీధి చివర ఉంటే నాలుగు ఆకులు కోసుకొచ్చాను, వాసన దగ్గరగానే ఉంది. ఇద్దరికి ఉప్పు ఎంతో తెలియక చేతిలో తీసుకుని, మళ్లీ డబ్బాలో పోసి, మళ్లీ తీసుకున్నాను. నా చేతికి గుప్పెడు తెలుసు, చిటికెడు తెలియదు.

అన్నం బాగానే వేగింది. ఆరు వరుసలూ అయిపోయాయి, మిగిలింది రుచి చూసి పులుపు, తీపి సరిచేయడం. చిన్న ప్లేటులో రెండు చెంచాలు వేసుకున్నాను. చేతిలో ప్లేటు పట్టుకుని వంటింటి వెనక తలుపు దాకా పోయి నిలబడ్డాను. అక్కడ ఎవరూ లేరు.

"ఏమండి, అట్ల నిలబడినారు? తిని సూడండి. నైవేద్యమూ లేదు, మేస్త్రీ లేడు" అంది సుగుణ.

చూడలేకపోయాను. అప్పుడు నాకు ఒక సంగతి అర్థమైంది. అడ్డం వచ్చింది ఆచారం కాదు. తిని చూసి, అప్పుడు కూడా నాకు ఏమీ తెలియకపోతే? ముప్పై ఆరేళ్ల వంటవాడికి నాలుకే లేదని ఈ వయసులో తేలితే? భయమేసింది. పొయ్యి ఆపేసి సరళకు ఫోన్ చేశాను.

ఆదివారం

ఆదివారం చర్చి అయ్యాక, గూడూరులో రైలు మారి సరళ వచ్చింది. అంత దూరం ఎందుకు పిలిచారని అడగలేదు. సుగుణతో పది నిమిషాలు మాట్లాడి చేతులు కడుక్కుని వంటింట్లోకి వచ్చింది. నేను వండాను, ఆమె నిలబడి చూసింది. చిన్న ప్లేటు ఆమెకు అందించాను. ఆమె తీసుకోలేదు. చెంచా తిప్పి నా వైపు పెట్టింది.

"మీరే సూడండి మాస్టర్."

"నాకు తెలీదు సరళా."

"తెలీకపోతే తెలీదు. ముందు నోట్లో ఏసుకోండి."

వేసుకున్నాను. ఉప్పు తెలిసింది, కారం తెలిసింది, ఎక్కడో తీపి తగిలింది, తర్వాత అన్నీ కలిసిపోయి ఏది ఏదో తెలియలేదు. "ఉప్పు తక్కువ?" అన్నాను, పరీక్షలో కుర్రాడిలా.

ఆమె ఒక చెంచా తిన్నది. "ఉప్పు సరిపోయింది. పులుపు లేక మీకట్ల అనిపిస్తాది." నిమ్మచెక్క పిండి కలిపి మళ్లీ చెంచా ఇచ్చింది. ఈసారి తేడా తెలిసింది. ఉప్పు వేయకుండానే ఉప్పు పైకి వచ్చింది. నేను ఇంకో చెంచా తీసుకున్నాను. సుగుణ పళ్లెం తెచ్చుకుని, సద్దన్నమని ఒక్క మాట కూడా అనకుండా రెండుసార్లు పెట్టించుకుంది.

భోజనాలయ్యాక బీరువాలోంచి ఆ శాలువా తీశాను. ఆ రోజు మడిచి పెట్టాక మళ్లీ విప్పింది లేదు. "ఇది నీది సరళా. ఆ పొద్దు చెప్పాల్సింది, చెప్పలేదు. తప్పు చేసినాను" అన్నాను.

ఆమె శాలువా అంచు పట్టి చూసి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

"సూళ్లూరుపేట ఎండలో నేను శాలువా ఏం జేసుకునేది మాస్టర్? మేనేజరు సారుకు ఫోన్ జెయ్యండి. వచ్చే నెల్లో ఎవురినో తీసుకుంటారంట. అంతకుముందే సెప్పండి."

ఆమె అంత దూరం వచ్చింది ఆ ఒక్క మాట కోసమని అప్పుడు తెలిసింది. అక్కడే, ఆమె ముందే ఫోన్ చేశాను. చిన్న ప్లేటు దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ప్రభాకర్ గారు చివరిదాకా విని అడిగారు.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదండీ?"

"నాకు తెలీదు సార్."

"సరే. రేపటి నుంచి ఆమెను పొయ్యి దగ్గర నిలబడమనండి. థాయిలాండ్ వాళ్లు వచ్చి తిన్నాక హెడ్ కుక్కు సంగతి చూద్దాం. ఆ కాగితం మాత్రం త్వరగా పంపండి."

పూర్తి మాట కాదు. సరళకు అది చాలినట్టే కనిపించింది, నాకు చాలలేదు. ఇంకా గట్టిగా అడగాల్సిందేమో తెలియదు.

కాగితం ఆమె ముందు పెట్టాను. ఏడో వరుస ఖాళీగా ఉంది. ఆమె పెన్ను తీసుకుని గుండ్రటి అక్షరాలతో రాసింది. "దించాక నిమ్మరసం కలిపి, వండినవాళ్లు తప్పకుండా తిని చూడాలి." అడుగున వండినవారి పేరు అని రాసి నేనే గీత గీసి పెట్టాను. నా పేరు రాయడానికి కాదు, అలవాటు కొద్దీ గీశాను. పెన్ను ఆమె చేతిలోనే ఉంది. అక్కడ నీ పేరు రాయి అన్నాను.

ఆమె ఇంటిపేరుతో సహా పూర్తి పేరు రాసింది. నేను ఆ పేరు రెండుసార్లు చదువుకున్నాను. పదకొండేళ్లు నా పక్కన పనిచేసిన మనిషి ఇంటిపేరు నాకు అప్పటిదాకా తెలియదు.